చెవి వింటుంటే చెయ్యి ఏం చేస్తోంది?

2022 దసరా మర్నాడు, అక్టోబరు 6న, హైదరాబాదు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో అలయ్ బలయ్ జరిగింది. బండారు దత్తాత్రేయ గారు ఏటా దసరా తర్వాత పార్టీల తేడా లేకుండా అందరినీ పిలిచి జరిపే వేడుక అది. గరికిపాటి నరసింహారావు గారు మైకు ముందు మాట్లాడుతున్నారు. అదే వేదిక మీద మరోపక్క చిరంజీవి గారు ఉన్నారు, ఆయనతో ఫొటోలు దిగడానికి జనం ఎగబడుతున్నారు. ఆ ఫొటోల కార్యక్రమం ఆపాలనీ, లేకపోతే తాను వెళ్ళిపోతాననీ గరికిపాటి గారు మైకులోనే చెప్పేశారు. చిరంజీవి గారు వచ్చి ఆయన పక్కన కూర్చున్నారు. వేదిక మీద విషయం అంతటితో సద్దుమణిగింది. ఫోన్లలో మాత్రం అప్పుడే మొదలైంది.

పండితుడి కోపం సబబేనా, అభిమానుల ఉత్సాహం తప్పా అని రోజుల తరబడి వాదించుకున్నారు. ఆ తీర్పు జోలికి నేను పోను. నన్ను పట్టి కుదిపిన సంగతి వేరే ఉంది. ఆ కొద్ది సెకన్ల వీడియో ముక్క చూడని తెలుగువాడు అరుదు. ఆ రోజు ఆయన చెప్పిన విషయం ఏమిటని అడిగితే ఎంతమంది చెప్పగలరు? ఉపన్యాసం కరిగిపోయి ఉపన్యాసానికి కలిగిన అంతరాయం ఒక్కటే మిగిలింది. మన ఊళ్ళలో, మన సభల్లో, అంత పేరున్న మనుషులు లేకుండానే ఇదే రోజూ జరుగుతోంది. అందుకే ఈ అధ్యాయం.

ముందు ఒక చిక్కుముడి విప్పుకుందాం. గరికిపాటి గారు మామూలు వక్త కారు, అవధాని. అవధానం అంటేనే మనిషి ధ్యాసను చెదరగొట్టడానికి పెట్టిన పరీక్ష. చుట్టూ పృచ్ఛకులు కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది ఇస్తారు, నిషిద్ధాక్షరి పట్టినవారు అక్షరం అక్షరానికీ అడ్డం పడతారు. పద్యం సగంలో ఉండగా అప్రస్తుత ప్రసంగి లేచి వంకాయ కూర గురించో అత్తగారి గురించో అడుగుతాడు. నడుమ ఎవరో గంట కొడుతుంటారు, ఎన్నిసార్లు మోగిందో లెక్క చెప్పాలి. ఇన్నిటి మధ్య పద్యాలు కట్టి, చివర అన్నిటినీ ధారణ చేసి ఒప్పజెప్పాలి. అంతటి విద్య ఉన్న మనిషికి పక్కన నలుగురు ఫొటోలు దిగితే ఏమైంది అని ఎవరికైనా అనిపించవచ్చు.

నాకు తోచిన జవాబు ఇది. అప్రస్తుత ప్రసంగి అడ్డుపడేది అవధానితోనే. ఎంత తిక్క ప్రశ్న వేసినా అతని కళ్ళూ చెవులూ అవధాని మీదే ఉంటాయి. జవాబు ఏం వస్తుందా అని సభ మొత్తం ఇంకా ముందుకు వంగుతుంది. ఆ ఆటంకం సభను వక్త దగ్గరకు చేరుస్తుంది. ఫొటోల గుంపు వక్తను ఒక్క మాట అనదు, కానీ అతని ముందున్న సభను పట్టుకుపోతుంది. ఎంత విద్యావంతుడైనా ఆటంకాన్ని తట్టుకోగలడు గానీ, వినేవాళ్ళు లేకపోవడాన్ని తట్టుకోలేడు.

అవధానం మనకు నేర్పే రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది. అష్టావధాని ఎనిమిది పనులు ఒకేసారి చేస్తున్నట్టు కనిపిస్తాడు, నిజానికి చేయడు. సమస్యకు ఒక పాదం చెప్పి అది పక్కన పెడతాడు, దత్తపది అందుకుంటాడు, అక్కడా ఒక పాదం చెప్పి మరొకరి వైపు తిరుగుతాడు. పనులన్నీ వంతుల మీద నడుస్తాయి. వదిలిన చోటును పోగొట్టుకోకుండా మళ్ళీ అందుకోవడంలోనే ఏళ్ళ సాధన ఉంది. పైగా పృచ్ఛకుడు ఆగుతాడు. అవధాని తన వైపు తిరిగేదాకా ప్రశ్న అలాగే ఉంటుంది. మీరు ప్రవచనంలో కూర్చుని వాట్సాప్ స్టేటస్ టైప్ చేస్తున్నప్పుడు ప్రవచనకర్త మీ కోసం ఆగడు. వంతు వేసుకునే వీలే లేని చోట మనం వంతులు వేసుకుంటున్నాం.

నెల్లూరు జిల్లాలోని మా సంగంలో పెన్న మీద ఆనకట్ట నీళ్ళతో బతికిన రైతులకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. ఒకే తూము కింద రెండు మడులుంటే నీళ్ళు వంతుల వారీగానే పారతాయి, రెండిటికీ ఒకేసారి నిండుగా పారాలంటే కుదరదు. మన బుర్రలో మాటలకు ఉన్న తూము ఒక్కటే. ఎదుటివాడి మాట అర్థం చేసుకోవాలన్నా, మన మాట కూర్చుకోవాలన్నా అందులోంచే పోవాలి. వింటూ చేతులతో చిక్కుడుకాయల ఈనెలు తీయవచ్చు, పూలు కట్టవచ్చు. అవి మాటలు అడగవు. వింటూ పోస్టు రాయడం అలా కుదరదు, ఎందుకంటే పోస్టు కూడా మాటలే అడుగుతుంది. పది క్షణాల క్రితం విన్న వాక్యాన్ని మీరు ముచ్చటైన వాక్యంగా మలుస్తున్నప్పుడు ఈ క్షణాన పలికిన వాక్యం చెవికి సోకి, లోపలికి పోకుండానే జారిపోతుంది.

దీనివల్ల జరిగే నష్టం ఎలాంటిదో మన పొలాల దగ్గరే చూడండి. వరి మీద రైతు సదస్సు జరుగుతోందనుకుందాం. వ్యవసాయాధికారి అగ్గితెగులు గురించి చెబుతున్నారు. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. చెయ్యమన్నారో వద్దన్నారో ఆఖరి మాట దాకా తేలదు. "ఆకుల మీద నూలుకండె ఆకారంలో మచ్చలు కనబడ్డ మడిలో, చేను పచ్చదనం తగ్గిందని చెప్పి, పైపాటుగా యూరియా..." దాకా విని ఒక రైతు ఫోన్ ఎత్తాడు. తెరమీద ఉన్న ఆకు బొమ్మ ఫొటో తీసి గ్రూపులో పెట్టాడు, కింద "అగ్గితెగులుకు యూరియా" అని నాలుగు ముక్కలు రాశాడు. అధికారి వాక్యం "వేయకూడదు" అని ముగిసింది. నత్రజని ఎక్కువైతే ఆ తెగులు ఇంకా రేగుతుంది. గ్రూపులో చదివిన వందమందికి చేరింది వాక్యంలో తల, తోక తెగిన నడిమి భాగం.

ఇది నేను కల్పించుకున్న సన్నివేశమే గానీ, దీని లాంటివి మీ ఫోన్‌లో వెతికితే దొరుకుతాయి. ఒక సంగతి బాగా తెలిసినవాడు మాట్లాడేటప్పుడు ముందు మాట చెబుతాడు, తర్వాత దానికి హద్దు చెబుతాడు. "ఈ మందు పనిచేస్తుంది" అన్న వెంటనే "అయితే ఈనిక మీదున్న చేను మీద పొద్దుటి పూట కొట్టకండి, పువ్వు విచ్చే వేళ" అంటాడు. మొదటి మాట పోస్టు చెయ్యడానికి బాగుంటుంది. రెండోది మనం టైపు చేస్తున్న వేళ వస్తుంది. అందుకే సభల్లోంచి నేరుగా వచ్చే పోస్టుల్లో ధీమా ఎక్కువ, షరతులు తక్కువ. ఇది పోస్టు చేసేవాడి దుర్బుద్ధి కాదు, ఆ వేళాపాళా చేసే పని.

పరిశోధకులు దీన్ని పలువిధాల పరీక్షించారు. అన్నీ ఒకే మాట చెప్పలేదు, అదే నాకు నచ్చింది. కెనడాలో ఫరియా సనా, ఆమె సహచరులు 2013లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు వాతావరణ శాస్త్రం మీద పాఠం విన్నారు. కొందరు ల్యాప్‌టాప్‌లో పాఠంతో సంబంధం లేని పనులు కూడా చేశారు. తర్వాత పరీక్ష పెడితే పాఠం మీదే ఉన్నవాళ్ళకు సగటున 66 శాతం మార్కులు, రెండు పనులు చేసినవాళ్ళకు 55 శాతం వచ్చాయి. ఇంతవరకు ఎవరైనా ఊహించేదే. వాళ్ళు రెండో ప్రయోగం చేశారు. కాగితం మీద పెన్నుతో బుద్ధిగా రాసుకునేవాళ్ళను తీసుకుని, కొందరిని అలా తెరలు మీటే విద్యార్థుల వెనక కూర్చోబెట్టారు. ఆ తెరలు కంటపడని వాళ్ళకు 73 శాతం వస్తే, కంటపడినవాళ్ళకు 56 శాతమే వచ్చాయి. తప్పు చేసినవాడి కంటే వాడి వెనక కూర్చున్నవాడు ఎక్కువ పోగొట్టుకున్నట్టుంది. కార్తీకమాసంలో మా సంగమేశ్వరుడి గుళ్ళో ప్రవచనం వింటూ ముందు వరుసలో ఒకరు తలకంటే ఎత్తుగా ఫోన్ పట్టుకుని వీడియో తీస్తుంటే వెనకున్న అరవై మంది ప్రవచనకర్తను ఆ చిన్న తెరలోనే చూస్తారు. మన ఫోన్ మన సొంతమే గానీ, మన వెనకవాళ్ళ చూపు మన సొంతం కాదు.

ఫొటోల సంగతి ఇంకొంచెం చిత్రం. 2017లో అలిక్సాండ్రా బరాష్, ఆమె తోటి పరిశోధకులు కొందరిని ఒక ప్రదర్శనకు తీసుకెళ్ళి, పురాతన వస్తువులు చూపిస్తూ చెవుల్లో వాటి వివరణ వినిపించారు. కెమెరా ఉన్నవాళ్ళు చూసినవాటిని లేనివాళ్ళకంటే బాగా గుర్తుపెట్టుకున్నారు. విన్నవాటిని మాత్రం తక్కువ గుర్తుపెట్టుకున్నారు. కాబట్టి కెమెరా మతిమరపు తెస్తుందని గంపగుత్తగా అనేయడం తప్పు. అది మన ధ్యాసను కంటి వైపు మొగ్గేలా చేస్తుంది. సంగం బ్యారేజీ గేట్ల మీద నుంచి పెన్న దూకుతుంటే ఫొటో తీసుకోండి, ఆ దృశ్యం ఇంకా బాగా నిలుస్తుంది. ఉపన్యాసం కంటికి చేసే విందు కాదు. అక్కడ కెమెరా మన ధ్యాసను తప్పు వైపు మొగ్గేలా చేస్తుంది. ప్రవచనకర్త పట్టుపంచె రంగు గుర్తుండి, చెప్పిన కథ గుర్తులేకపోవడం మన జ్ఞాపకశక్తి లోపమేం కాదు.

ఇంకొక ఫలితం నాకు దిగులు కలిగించింది. డయానా తామిర్, ఆమె సహచరులు 2018లో ప్రచురించిన అధ్యయనాల్లో, ఒక అనుభవాన్ని ఫోన్‌లో నమోదు చేస్తూ, పంచుకుంటూ గడిపినవాళ్ళకు దాని వివరాలు తక్కువ గుర్తున్నాయి. ఆనందం మాత్రం అందరికీ దాదాపు ఒకేలా కలిగింది. ఏదో పోయిందన్న సంగతి పోగొట్టుకున్నవాళ్ళకు తెలిసినట్టు లేదు. "నాకేం కాదు, నేను రెండూ చెయ్యగలను" అని మనం ఎందుకంత నమ్మకంగా అంటామో దీనివల్ల అర్థమవుతుంది. వినని వాక్యం వినలేదని మనకు గుర్తుచేసేవాళ్ళు ఎవరు? సభ అయిపోయాక బాగా జరిగిందనే అంటాం, నిజాయితీగానే అంటాం.

అయితే పోస్టు పెట్టిన ప్రతివాడూ వినలేదని తేల్చేయడం కూడా అన్యాయం. అమెరికాలో జెఫ్రీ కుజ్నెకాఫ్, ఆయన తోటివాళ్ళు 2015లో ఈ తేడానే పట్టి చూశారు. పాఠం నడుస్తుండగా పాఠంతో సంబంధం లేని సందేశాలు పంపుకున్న విద్యార్థులు వెనకబడ్డారు. పాఠం గురించిన సందేశాలే పంపుకున్నవాళ్ళకు చెప్పుకోదగ్గ నష్టం కనబడలేదు. ఇది మనం శ్రద్ధగా వినాల్సిన ఫలితం. విన్నదాన్ని రెండు మాటల్లో రాయడం నోట్సు రాయడం లాంటిదే, చెయ్యి చెవికి సాయం చేస్తున్నట్టే. మరి చిక్కెక్కడ? తరగతి గదిలో ప్రయోగం కోసం పంపే సందేశం పంపడంతో అయిపోతుంది. మన ఫోన్‌లో పోస్టు పెట్టడంతో అయిపోదు. పెట్టాక ఎవరు చూశారు, ఎవరు బొటనవేలు బొమ్మ పెట్టారు, మేనమామ ఏం రాశాడు అని తెర మళ్ళీ పిలుస్తుంది. దాని పక్కనే ఎవరి పుట్టినరోజో, ఏదో రీలో కనబడుతుంది. ఫ్లోరిడా రాష్ట్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు 2015లో మరో సంగతి చూపించారు. నోటిఫికేషన్ మోగితే చాలు, ఫోన్ ముట్టుకోకపోయినా చేస్తున్న పనిలో తప్పులు పెరిగాయి. కాబట్టి ప్రసంగం గురించి ఒక వాక్యం రాయడం వల్ల కలిగే నష్టం కొద్దిపాటిదే. ఆ వాక్యం కోసం తెరిచిన తలుపు మూసుకోకపోవడం వల్ల కలిగేదే పెద్దది.

కొందరికి సభలో ఫోన్ తప్పనిసరి, వాళ్ళను వేలెత్తి చూపకూడదు. వినికిడి తక్కువైనవారు మాటను అక్షరాలుగా మార్చే యాప్ పెట్టుకుని చదువుకుంటారు. ఇంట్లో మంచంపట్టిన తల్లి ఉన్న కూతురు ఫోన్ ఎదురుగా పెట్టుకోకుండా ఎలా ఉంటుంది? దుబాయిలో ఉన్న భర్త ఊరి జాతర హరికథ వినాలంటే భార్య వీడియో కాల్ చెయ్యాల్సిందే. పనిమీద వచ్చిన విలేకరి సంగతి సరే సరి. తన కోసం కాక ఇంకొకరి కోసం ఫోన్ పట్టుకున్న మనిషిని చూసి మొహం చిట్లించే ముందు ఒక్క క్షణం ఆలోచించండి.

పంచుకోవాలన్న కోరికను నేను ఎంతమాత్రం తక్కువ చెయ్యను. మా జిల్లా చరిత్రలో గొప్ప ఘట్టం ఆ కోరిక మీదే నడిచింది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం జరిగింది. పొద్దంతా కూలి చేసి వచ్చిన ఆడవాళ్ళు రాత్రి బడుల్లో కూర్చుని వాచకంలో సీతమ్మ కథ విన్నారు. సారా వల్ల చితికిన ఇంటి కథ అది. దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఆమె తోటి ఆడవాళ్ళు ఊళ్ళో సారా అమ్మకుండా ఆపారు. ఆ సంగతి పక్క ఊరికి పోయింది, అక్కడి నుంచి ఇంకో ఊరికి పోయింది. జిల్లాలో సారా వేలం పాటలు జరగకుండా ఆడవాళ్ళు అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఒక పాఠం ఇంత దూరం ప్రయాణం చెయ్యడం ఏ వైరల్ పోస్టుకీ తీసిపోదు.

ఆ ప్రయాణంలో వరుస చూడండి. వాళ్ళు ముందు కథ మొత్తం విన్నారు. తమ ఇళ్ళతో పోల్చి చూసుకున్నారు, గొంతు పూడుకుపోయే చర్చలు చేసుకున్నారు. ఆ తర్వాతే పక్క ఊరికి చెప్పారు. వినడానికీ చెప్పడానికీ మధ్య ఒక రాత్రో, ఒక పొలం పనో, బావి దగ్గర ఒక సంభాషణో ఉంది. అందుకే వాళ్ళు చేరవేసింది వాక్యం కాదు, నమ్మకం. ఆ ఉద్యమం వెనకే ఊపందుకున్న పొదుపు సంఘాల్లో ఇప్పుడు వాళ్ళ కోడళ్ళూ మనవరాళ్ళూ ఉన్నారు. సమావేశంలో వడ్డీ లెక్క చెబుతుంటే ఒళ్ళో ఫోన్ వెలుగుతుంటుంది. నాకు ఆ ఫోన్ మీద కోపం లేదు. వాళ్ళ అమ్మమ్మలకు ఆ కథ లోపల నాటుకోవడానికి దొరికిన వ్యవధి వీళ్ళకూ దొరకాలన్నదే నా తపన.

ఇక ఆచరణలోకి వద్దాం. ఫోన్ ఇంట్లో పెట్టి రమ్మని నేను చెప్పను, చెప్పినా వినరు. సభకు వెళ్ళే ముందే ఒక నిర్ణయం తీసుకోండి: ఈ ఉపన్యాసం నేను వినడానికి వెళ్తున్నానా, చూపించడానికి వెళ్తున్నానా? రెండూ మర్యాదైన పనులే. ఊళ్ళో సభ జరిగిందని నలుగురికి తెలియాలి, అందుకు ఎవరో ఒకరు పూనుకోవాలి. మీ పని ఏదో ముందే తేల్చుకుంటే మధ్యలో ఊగిసలాట ఉండదు.

వినడానికి వెళ్తే ఫొటో మొదటి రెండు నిమిషాల్లో తీసేసుకోండి. వక్తకు శాలువా కప్పేటప్పుడో, దీపం వెలిగించేటప్పుడో తీసుకుంటే ఏమీ పోదు. ఆ తర్వాత నెట్ ఆపేసి ఫోన్ సంచిలో వేసుకోండి. జేబులో కాదు, ఒళ్ళో బోర్లించడం కాదు. చెయ్యి చాచితే అందే చోట ఉన్నంతసేపు చెయ్యి అటు పోతూనే ఉంటుంది. ఇంటి నుంచి అత్యవసరంగా కాల్ రావచ్చనుకుంటే ఆ ఒక్క నంబరే మోగేలా పెట్టుకునే వీలు ఇప్పటి స్మార్ట్‌ఫోన్లలో ఉంది. మీకు చేతకాకపోతే ఇంట్లో పదో తరగతి పిల్లవాణ్ణి అడగండి, చిటికెలో చేసిపెడతాడు.

చేతికి ఏదో ఒక పని కావాలనిపించడం సహజం. చిన్న పుస్తకం, పెన్ను పెట్టుకోండి. వక్త చెప్పిందంతా రాయాలని చూడకండి, అది మళ్ళీ టైపు చేసినట్టే అవుతుంది. పేర్లు, అంకెలు, మందు మోతాదులు, తేదీలు మాత్రం రాసుకోండి. ఎందుకంటే అవి తర్వాత ఊహించి పూరించుకోలేం. మిగతా అంతా చెవికి వదిలేయండి. కాగితం మూల మీద ముగ్గు గీసుకున్నా పరవాలేదు. ఇంగ్లండులో జాకీ ఆండ్రేడ్ అనే పరిశోధకురాలు విసుగు పుట్టించే ఫోన్ సందేశం వినిపిస్తూ కొందరిని కాగితం మీద చిన్న ఆకారాలను పెన్సిల్‌తో నింపమంది. ఊరికే కూర్చుని విన్నవాళ్ళకంటే వీళ్ళు 29 శాతం ఎక్కువ గుర్తుచెప్పారు. గీతలు మాటలు అడగవు కదా.

పోస్టు ఆ రాత్రి పెట్టండి. నా మొత్తం సలహాలో మీరు ఒక్కటే పాటించగలిగితే ఇది పాటించండి. భోజనం అయ్యాక, ఫొటో గానీ పుస్తకం గానీ చూడకుండా, ఆ వక్త చెప్పిందాంట్లో నాకు మిగిలిందేమిటని మిమ్మల్ని మీరే ప్రశ్నించుకుని అయిదారు వాక్యాలు రాయండి. మొదట ఏమీ గుర్తురాదు. కాసేపు కూర్చుంటే ఒకటి లాగితే ఒకటి వస్తుంది. అలా లాగడమే జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుంది. మళ్ళీ చదువుకోవడం కంటే చూడకుండా గుర్తుతెచ్చుకోవడం వల్ల వారం తర్వాత ఎక్కువ నిలుస్తుందని రోడిగర్, కార్పికే 2006లో చూపించారు. మన పెద్దలు సంతకూ గుడికీ పోయి వచ్చి ఇంటిల్లిపాదికీ పూసగుచ్చినట్టు చెప్పేవాళ్ళు, వాళ్ళకు ఆ పరిశోధన అక్కర్లేకపోయింది. రాసింది ఒకసారి పుస్తకంలో అంకెలతో సరిచూసుకుని అప్పుడు పెట్టండి. లైకులు సభలో పెట్టినదానికంటే తక్కువ రావచ్చు. కానీ అది చదివి మీ బావమరిది యూరియా బస్తా విప్పడు.

సభ నడిపేవారికి కూడా రెండు మాటలు. ఫోన్లు ఆపండి అని మైకులో కసరడం వల్ల పెద్ద ఫలితం ఉండదు, ఆ కసురు కూడా వీడియోలోకి ఎక్కుతుంది. దానికంటే ఫొటోలకు ఒక వేళ కేటాయించి ముందే ప్రకటించండి. ప్రముఖులను పిలిచినప్పుడు మరీ ముఖ్యం. ఉపన్యాసానికి ముందు పది నిమిషాలు ఆయనతో ఎవరు కావాలంటే వాళ్ళు దిగవచ్చనీ, ఆ తర్వాత అందరూ కూర్చుంటారనీ చెబితే జనం వింటారు. నాంపల్లిలో ఆ రోజు ఆ పది నిమిషాలు ఎవరైనా పెట్టి ఉంటే ఇద్దరు పెద్దమనుషుల పేర్లు అన్ని రోజులు నలిగేవి కావు. వీడియో తీసేవాళ్ళను పక్క గోడ దగ్గర నిలబెట్టండి. ముందు వరుసలో పెట్టకండి. వేదిక మీద తెర పెట్టి సభలోనివాళ్ళ సందేశాలు దానిమీద పారించే కొత్త అలవాటు కాలేజీ సదస్సుల్లో కనబడుతోంది. 2009లో న్యూయార్కులో ఒక పెద్ద సదస్సులో డానా బాయిడ్ అనే పరిశోధకురాలు మాట్లాడుతుండగా ఆమె వెనక తెర మీద ట్విటర్ సందేశాలు పారుతూ వచ్చాయి. అవి చదివి సభ నవ్వుతోంది, ఎందుకు నవ్వుతున్నారో ఆమెకు తెలియదు. తనకు కనబడని మాటకు సభ నవ్వుతుంటే ఏ మనిషి మాట కుదురుగా ఉంటుంది? ప్రశ్నలు చీటీల మీద తీసుకోండి, చివర చదవండి.

పదిమందిలో ఒకరు మాత్రమే సభను ఫోన్‌లో చూపించే పని నెత్తికెత్తుకుంటే మిగతా తొమ్మిదిమంది చేతులు ఖాళీ అవుతాయి. సంఘంలో, బడిలో, గుడి కమిటీలో ఈ పనిని నెలకొకరు చొప్పున మార్చుకోండి. ఆ ఒక్కరూ ఆ రోజు సరిగా వినలేరన్నది గుర్తుంచుకోండి. తెరలో బొమ్మ కదలకుండా చూడాలి, చార్జింగ్ చూడాలి, లైవ్‌లో ఎవరో శబ్దం రావట్లేదంటే సర్దాలి. కాబట్టి సభ అయ్యాక ఇంటికి పోయేటప్పుడు విన్నవాళ్ళలో ఒకరు ఆ మనిషి పక్కన నడవండి. వీడియో మళ్ళీ చూసుకోమని చెప్పకండి, ఎవరూ చూసుకోరు. వక్త ఏం చెప్పాడో మీ మాటల్లో మొదటి నుంచి చెప్పండి.